నలభై ఎనిమిది బొమ్మల్లో లేని మాట

నేను ఒక మాట్లాడే పలకనండి. పేరుకి పలకే గానీ నా మీద ఎవరూ రాయరు. నా ఒంటి నిండా నలభై ఎనిమిది బొమ్మలు. ఏ బొమ్మ నొక్కితే దాని పేరు చెప్పి, వెంటనే "శభాష్!" అంటాను. ఎవరు నొక్కినా శభాషే, ఏది నొక్కినా శభాషే. ఆ శభాషే నా పరువు తీసింది. చెబుతాను వినండి, ఎవరికైనా చెప్పుకుంటే గానీ ఈ బరువు దిగేలా లేదు.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టాను. నా గొంతు నాది కాదు. ఎవరో పట్నం ఆవిడ అద్దాల గదిలో కూర్చుని గంటలో చదివేసి వెళ్లిపోయిందట. ఏనుగు, మామిడిపండు, విమానం... ఆవిడ చదివినంతే నా చదువు. అయినా డబ్బా మీద 'మీ పాపకు మాటలు నేర్పే గురువు' అని వేశారు. పొగిడితే ఎవరికి చేదండి? నేనూ నమ్మేశాను.

ఆత్రేయపురం దగ్గర ఒక ఊళ్లో తీర్థం జరుగుతుంటే, ఆ జాతర అంగట్లో దొరబాబు అనే ఆటో అతను నన్ను కొన్నాడు. అతని కూతురు తన్వికకి రెండున్నరేళ్లు. అమ్మ, నాన్న, తే... అంతే, నాలుగో మాట లేదు. పిల్లతో ఇంట్లో మాట్లాడుతున్నారా అని అంగన్‌వాడీ టీచరు అడిగిందట. ఆ ప్రశ్నకి అతనికి తట్టిన జవాబు నేను.

ఆ ఇంట్లో మాటలకి కరువెందుకో వెళ్లాక తెలిసింది. దొరబాబు పొద్దున్నే ఆటో వేసుకుని పోతాడు. భార్య వీరవేణి పూతరేకులకి రేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పైన పలచటి పిండిలో ముంచిన గుడ్డతో ఒక్క పూత. చూస్తుండగానే రేకు లేస్తుంది. ఊపిరి తగిలితే చిరుగుద్ది, కుండ దగ్గర నోరు తెరవకూడదు అని అత్తగారు నేర్పింది. అత్తగారు పోయి మూడేళ్లయింది, ఆవిడ మాట మాత్రం పోలేదు. మధ్యాహ్నం దాకా వీరవేణి మూగదే. పిల్ల ఏది తెచ్చి చూపించినా కళ్లతోనే జవాబు.

నేను రాగానే ఆవిడకి పెద్ద నిశ్చింత. పిల్లని కుండకి దూరంగా చాప మీద కూర్చోబెట్టి నన్ను ఒళ్లో పెట్టేది. మాటల పని ఇక నాది. మా పాపకి ఏనుగొచ్చు, విమానమొచ్చు అని పక్కింటివాళ్లతో చెప్పుకునేది. నిజమేనండి, పిల్ల వేలు పెట్టి చూపించేది. నోటితో అందా అని ఎవరూ అడగలేదు. అనలేదని నాకు తెలుసు. అన్నీ నేనే చెప్పేస్తుంటే పాపం అది ఎందుకు అంటుంది? దాహమేస్తే బిందె దగ్గరికెళ్లి నుంచునేది. అది చూస్తూ కూడా నేను గురువునే అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ రోజు వీరవేణి నీళ్ల కోసం పెరట్లోకి వెళ్లింది. తన్విక లేచి కుండ దగ్గరికెళ్లి, అమ్మ రోజూ చేసినట్టే అరచేత్తో ఒక్క పూత పూసింది.

కెవ్వుమంది. ఆ తర్వాత చేసిన పనే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. అమ్మ కోసం పెరట్లోకి పోలేదండి, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆ ఇంట్లో మాటలున్నది నా దగ్గరే కదా. ఏడుస్తూ, కాలని చేత్తో ఒక్కో బొమ్మా నొక్కుకుంటూ పోయింది, తనకేమైందో చెప్పే బొమ్మ కోసం. మామిడిపండు, శభాష్. ఏనుగు, శభాష్. విమానం, శభాష్. నలభై ఎనిమిదింట్లో మంట లేదు, నొప్పి లేదు. ఆ శభాష్‌ని ఆపుకోవాలని ఎంత గింజుకున్నానో. నా గొంతు నా చేతిలో ఉంటేగా.

వీరవేణి బిందె వదిలేసి వచ్చింది. పిల్ల ఏడవడం, బొమ్మలు నొక్కడం, నేను మెచ్చుకోవడం, మూడూ చూసింది. పిల్లని ఒళ్లోకి లాక్కుని చేతి మీద చెంబుతో నీళ్లు పోస్తూ, "కాలింది తల్లీ. చెయ్యి కాలింది, మంట పుడుతోంది. కుండ కాలుద్దని నీకు నేను ఒక్కనాడైనా చెప్పలేదే" అంది. అంటూ తనూ ఏడ్చింది. తప్పు తనదే అనుకుంది గానీ, అందులో సగం నాది.

బొబ్బలు తగ్గాక వీరవేణి మళ్లీ కుండ ముందు కూర్చుంది, ఈసారి మాట్లాడుతూ. ఇది పిండి, ఇది తడిగుడ్డ, ఇదిగో రేకు లేచింది చూడు, ఇది కాలుద్ది దగ్గరికి రాకు అని. మొదట్లో కొన్ని రేకులు చిరిగాయి. చిరిగినవి తన్వికే తినేది. 'ఇంకోటి' అనే మాట అలా వచ్చింది. ఆ తర్వాత రేకులు చిరగడం తగ్గింది, పిల్ల ఇంకోటి అనడం మాత్రం తగ్గలేదు.

నా బ్యాటరీలు అయిపోయాయి. ఎవరూ కొత్తవి వెయ్యలేదు. మంచి పని చేశారు.

మొన్న తన్విక నన్ను గూట్లోంచి తీసుకొచ్చి ఏనుగు బొమ్మ నొక్కింది. నేను పలకలేదు. నా మీద చెవి ఆనించి కాసేపు విని, "నీకు మాటలు రావా?" అంది జాలిగా. పొయ్యి వైపు ఓసారి చూసి, నన్ను రెండు చేతులతో గోడవారకి జరిపింది. మచ్చ పడిన అరచెయ్యి నా మీద పెట్టి, "అటెళ్లకు. కుండ కాలుద్ది" అని చెప్పింది.

శభాష్ అనాలనిపించిందండి. నా జన్మలో ఆ ఒక్కసారే అది నిజమయ్యేది. గొంతు లేదు.