ఎవరి కుర్చీ వారు తెచ్చుకున్న రోజు

దిగువ వీధి ఇళ్ళన్నీ ఒకప్పుడు రోడ్డుకన్నా ఎత్తులోనే ఉండేవి. రోడ్డు గుంతలు పడ్డ ప్రతిసారీ మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి, బొంత మీద బొంత పరిచినట్టు పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోసి పోయారు. చివరికి రోడ్డు కిటికీల దాకా లేచింది, ఇళ్ళు గోతిలో పడ్డాయి. బయటికి రావాలంటే మెట్లెక్కాలి, లోపలికి పోవాలంటే తల వంచుకుని దిగాలి.

టైలరమ్మ ఇల్లు ఆ వీధి మొదట్లోనే. ముందు గదిలో కుట్టుమిషను, నడిమి గదిలో అత్తగారి మంచం, వెనక వంట. భర్త లారీ డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి కాబట్టి ఆ మెట్లెక్కడం మానేసి చాలా కాలమైంది. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. మంచం మీద నుంచే వీధి చివరి వాళ్ళతో కూడా కబుర్లాడగలదు కనుక అందరూ ఆవిడను మైకమ్మ అని పిలిచేవారు.

ఆ ఏడు తొలి వాన పట్టపగలే విరుచుకుపడింది. పై వీధిలో పడ్డ నీళ్ళు అక్కడి కాలవల్లో బుద్ధిగా పోయాయి. దిగువ వీధికి కాలవల్లేవు. రోడ్డు మీద పారిన నీళ్ళన్నీ నేరుగా గడపలు దూకాయి. టైలరమ్మ మిషను మోటారు మునిగింది. కుట్టి మడతపెట్టిన స్కూలు యూనిఫారాలు బురదలో తేలాయి. మైకమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, మున్సిపాలిటీని ఏడు తరాలదాకా తిట్టింది.

"తిడితే నీళ్ళు తగ్గుతాయా అత్తయ్యా?" అంది టైలరమ్మ చేటతో నీళ్ళు ఎత్తిపోస్తూ.

"తగ్గవే. కానీ నా కడుపులో మంట తగ్గుతుంది."

వాన తెరిపివ్వగానే టైలరమ్మ మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళింది. ఆఫీసులో పెద్ద హాలు, పైన ఫ్యాన్లు, వరసగా కుర్చీలు. గుమ్మం దగ్గర బంట్రోతు నిలబడి వచ్చినవాళ్ళను "ఏ వీధి?" అని అడుగుతున్నాడు. పై వీధి అంటే "లోపల కూర్చోండి సార్" అంటున్నాడు. దిగువ వీధి అంటే "అలా పక్కన నించోండి" అని వరండా చూపిస్తున్నాడు. ఎండలో మధ్యాహ్నం దాకా నిలబడితే లోపలినుంచి వచ్చిన జవాబు ఒక్కటే: "రేపు రండి." ఆ రేపూ వెళ్ళింది, దాని తర్వాతి రేపూ వెళ్ళింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"నువ్వు మెత్తగా అడుగుతున్నావు. ఈసారి నన్ను తీసుకుపో, నా గొంతు వినిపిస్తాను" అంది మైకమ్మ.

ఇస్త్రీ బండి నడిపే బాబాయి, టైలరమ్మ చెరో పక్కా పట్టుకుని ఆవిడను మెట్లెక్కించి ఆటోలో కూర్చోబెట్టారు. ఆఫీసు వరండాలో కాసేపు నిలబడేసరికి మైకమ్మ కాళ్ళు వణికాయి. హాల్లో చూస్తే సగం కుర్చీలు ఖాళీ. ఆవిడ గోడ పట్టుకుని లోపలికి నడిచి ఒక కుర్చీలో కూలబడింది.

బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు. "అవి పెద్దవాళ్ళకమ్మా, లే."

"ఇక్కడ నాకన్నా పెద్దవాళ్ళు ఎవరున్నార్రా?"

వరండాలో జనం నవ్వారు. ఆ నవ్వుకు బంట్రోతు మొహం కందిపోయింది. ముసలావిడ రెక్క పట్టుకుని లేపి, బయటికి నడిపించి, గుమ్మం దగ్గర వదిలేశాడు. లోపల బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తాలు తల కూడా ఎత్తలేదు.

తిరిగొచ్చే దారిలో మైకమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది. పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగినా పలకలేదు. ఇంట్లో నీళ్ళు నిండిన రోజున కూడా టైలరమ్మకు అంత భయం వేయలేదు. అత్తగారి గొంతు లేని ఇల్లు ఆమెకు ఇల్లులాగే అనిపించలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడకుండా చాలాసేపు గడపలో కూర్చుంది. తర్వాత లేచి, చెప్పులేసుకుని, వీధిలోకి బయల్దేరింది.

ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట చెప్పింది. "సోమవారం ఫిర్యాదుల రోజు. అందరం పోదాం. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోండి."

"గొడవ చేద్దామా?" అన్నాడు సెలూను నడిపే మామయ్య ఉత్సాహంగా.

"గొడవొద్దు మామయ్యా. కూర్చుందాం, అంతే."

ఇస్త్రీ బాబాయి మాత్రం జంకాడు. "పెద్దవాళ్ళతో పెట్టుకుంటే ఉన్న కుళాయి కూడా కట్టేస్తారేమోనమ్మా."

"ఇప్పుడేమన్నా పన్నీరు వస్తోందా బాబాయ్, ఆ కుళాయిలో?" అంది టైలరమ్మ. "అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మనం అడుగుతూనే ఉన్నాం, కానీ ఒక్కొక్కళ్ళం అడిగాం. ఈసారి వీధి అడుగుతుంది."

సోమవారం పొద్దున దిగువ వీధి కదిలింది. ప్లాస్టిక్ కుర్చీలు, కాలు విరిగి తాడు కట్టిన చెక్క కుర్చీలు, టీ కొట్టు స్టూళ్ళు, మడత కుర్చీలు... ఎవరికి ఉన్నది వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. అందరికీ ముందు ఇస్త్రీ బండి. దాని మీద సెలూను మామయ్య పాత కుర్చీ, ఎత్తు పెంచి తగ్గించే ఇనప కుర్చీ. ఆ కుర్చీ మీద మైకమ్మ. రానంటే రానని మొండికేసినావిడ, ఆ కుర్చీని చూడగానే "ఇది తిరుగుతుందా?" అని అడిగింది. తిరుగుతుందన్నారు. "అయితే పదండి" అంది. పై వీధిలోంచి పోతుంటే జనం మేడల మీదికి వచ్చి చూశారు. ఆవిడ కుర్చీలో ఇటూ అటూ తిరుగుతూ అందరికీ చెయ్యి ఊపింది.

బంట్రోతు గుమ్మానికి అడ్డం పడ్డాడు. "ఏంటిదంతా? కుర్చీలు లోపలికి తేకూడదు."

"లోపలివి మాకు కాదన్నావుగా. మావి మేం తెచ్చుకున్నాం" అంది టైలరమ్మ.

పక్కనుంచి జనం ఒక్కొక్కరే లోపలికి నడిచి, కుర్చీలు వేసుకుని, కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. హాలు నిండింది, వరండా నిండింది. అంతమంది చప్పుడు చేయకుండా కూర్చుంటే గుమాస్తాలకు రాయడానికి చెయ్యి ఆడలేదు. కాసేపటికి లోపలి గదిలోంచి చైర్‌పర్సన్ బయటికి వచ్చింది. ఆవిడ వెనకే ఇంజినీరు.

"ఏమిటి మీ సమస్య?" అంది చైర్‌పర్సన్.

టైలరమ్మ లేచి చెప్పింది. రోడ్డు సంగతి, నీళ్ళ సంగతి చెప్పింది. అన్నిటికన్నా ఎక్కువసేపు వరండా సంగతి చెప్పింది. "రోడ్డు మీరు రేపు వేసినా ఓర్చుకుంటాం మేడమ్. కానీ మా అత్తయ్యను రెక్క పట్టి లేపారు చూడండి, అది ఓర్చుకోలేం. మేం కూడా ఈ ఊరివాళ్ళమే."

ఇంజినీరు ముందుకొచ్చాడు. "మాకు అన్ని వీధులూ ఒకటే మేడమ్. పై వీధికి ఎలా వేశామో వీళ్ళకీ అలాగే వేశాం."

అప్పటిదాకా ఆఫీసు కుర్చీలో తన పని కోసం కూర్చున్న పై వీధి పళ్ళ డాక్టరమ్మ లేచి నిలబడింది. "అది నిజం కాదండీ. మా వీధిలో పాత రోడ్డంతా మిషనుతో చెక్కి తీసేసి, తర్వాత కొత్తది వేశారు. ఆ చప్పుడుకి నేను క్లినిక్ మూసుకోవలసి వచ్చింది. నాకు బాగా గుర్తు."

హాల్లో గుసగుసలు లేచాయి. ఇంజినీరు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. చైర్‌పర్సన్ అతనివైపు ఒకసారి, జనంవైపు ఒకసారి చూసి, "సరే, పరిశీలించి..." అని మొదలుపెట్టింది.

అప్పుడు లేచింది మైకమ్మ గొంతు. ఆ గొంతు ముందు ఫ్యాన్ల చప్పుడు కూడా వినిపించలేదు. "పరిశీలించేదేదో ఇప్పుడే పరిశీలించు తల్లీ! నడిచే దూరమే. ఈ మోకాళ్ళతో నేనే వచ్చాను."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. చైర్‌పర్సన్ కూడా పెదవి బిగించి ఆపుకోలేక నవ్వేసింది. "పదండి" అంది.

కుర్చీలు మళ్ళీ నెత్తికెక్కాయి. టైలరమ్మ ఇంటి ముందు చైర్‌పర్సన్ రోడ్డు మీద నిలబడి చూస్తే, ఆవిడ పాదాల ఎత్తులో కిటికీ ఊచలు కనిపించాయి. ఇంజినీరు హుషారు చూపిస్తూ ముందు దిగబోయి, గుమ్మం పైకమ్మికి నుదురు టంగుమని కొట్టుకున్నాడు.

"మాకు అలవాటే బాబూ, నువ్వు కొత్త కదా" అంది మైకమ్మ ఇస్త్రీ బండి మీద నుంచి.

చైర్‌పర్సన్ లోపలికి దిగింది. గోడ మీద బురద చార, ఇటుకల మీద ఎత్తిపెట్టిన మిషను, ఇంకా ఆరని పరుపు చూసింది. పైకెక్కి వచ్చి, అందరి ముందూ ఇంజినీరుకు చెప్పింది: "ఇక్కడా చెక్కి తీసెయ్యండి. గడపల కిందికి దిగేదాకా తీసి, రెండు పక్కలా కాలవలు కట్టి, అప్పుడు రోడ్డు వెయ్యండి. అది అయ్యేదాకా ఊళ్ళో ఇంకో రోడ్డు ముట్టుకోవద్దు." ఆపైన మైకమ్మ దగ్గరికి వచ్చి, "మీకు జరిగింది తప్పేనమ్మా. ఇకమీదట ఆ హాల్లో ముందొచ్చిన వాళ్ళే ముందు కూర్చుంటారు" అంది.

చెప్పినంత తొందరగా పని మొదలవ్వలేదు. వీధివాళ్ళు ఇంకో రెండు సోమవారాలు వెళ్ళి హాల్లో కూర్చోవలసి వచ్చింది. కానీ ఎవరూ లేపలేదు. బంట్రోతు మైకమ్మకు మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాడు. ఆవిడ అతన్ని తేరిపార చూసి, తాగి, "చల్లగా ఉన్నాయి" అని మాత్రం అంది.

రోడ్డు చెక్కే మిషను వచ్చిన రోజు వీధంతా పనులు మానేసి నిలబడింది. ఒక పొర లేచింది, దాని కింద ఇంకో పొర, దాని కింద మరొకటి. ప్రతి పొరకూ పిల్లలు ఈలలు వేశారు, ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. చివరి పొర లేచాక, ఎప్పుడో కనపడకుండా పోయిన గడపల కింది రాళ్ళు బయటపడ్డాయి. ఇస్త్రీ బాబాయి వంగి తన ఇంటి రాయిని చేత్తో తుడిచాడు.

కొత్త రోడ్డు ఆరిన సాయంత్రం టైలరమ్మ మిషను మీద వంగి పని చేసుకుంటోంది. నడిమి గదిలో అలికిడి లేదని తలెత్తి చూస్తే మంచం ఖాళీ. కంగారుగా గుమ్మంలోకి పరుగెత్తింది. మైకమ్మ కర్ర ఊతంతో, ఎవరి సాయమూ లేకుండా గడప దాటి, చదునైన రోడ్డు మీద నడిచి, నాలుగిళ్ళ అవతల సెలూను మామయ్య భార్యతో అప్పటికే తగవు పెట్టుకుంది. తగవు దేని గురించో గాని, ఆ గొంతు పై వీధి దాకా వినిపిస్తోంది.

టైలరమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. పిలుద్దామనుకుని, మళ్ళీ మానేసింది. ఎన్నేళ్ళ బాకీయో, తీర్చుకోనీ అనుకుంది.