మినప్పిండి గట్టు

మినప్పిండి జారైతే నెయ్యి చెవుల్లోకి కారుతుంది, గట్టిదైతే ఆయనగారి చర్మం కందిపోతుంది. అందుకని ఆమె పిండిని చెవితమ్మెలా మెత్తగా కలిపి, మంచం మీద వెల్లకిలా పడుకున్న భర్త కళ్ల చుట్టూ, పోసిన నెయ్యి నిలిచేలా రెండు గట్లు కట్టింది. ఇవాళ్టికి అయిదో రోజు. ఆయన కళ్లకి రోగమేమీ లేదు. పొద్దస్తమానం ఫోను చూస్తే మంటలెత్తాయి, అంతే. "ఫోను పక్కన పెట్టండి, సగం తగ్గుతుంది" అని ఆయుర్వేద వైద్యురాలు మొదటి రోజే చెప్పింది. ఆ ముక్క ఆయనకి వినబడలేదు. నేతి వైద్యం మాత్రం బాగా వినబడింది. చేయాల్సింది పెళ్లాం కదా!

నిజంగా మసకలు కమ్మింది ఆమెకి. నాలుగు నెలలుగా సూదిలో దారం తడుముకుని ఎక్కిస్తోంది. కిందటివారం రెండు చొక్కాల కాజాలు వంకరపోతే, కుట్టు దుకాణం యజమానురాలు "ఇంకోసారైతే నీకూ నాకూ కుదరదమ్మా" అనేసింది. ఆ సంగతి వెళ్లబోసుకుంటే వైద్యురాలు టార్చి వేసి చూసి, "నీకు పనికొచ్చేది నెయ్యీ కాదు, కాటుకా కాదు. పెద్ద కంటాసుపత్రికి పోవాలి. శుక్రవారం అయిదులోపల రా, చీటీ రాసిచ్చి నేనే పంపిస్తా. పోయిన చూపు మళ్లీ రాదు తల్లీ" అంది.

"నాకు చేస్తుంటే ఆ ఆవిరి నీకూ తగుల్తుందిగా, చాల్లే" అన్నాడు భర్త దారిలో. ఇంటికొచ్చాక అత్తగారు, "మా రోజుల్లో కళ్లున్నా చూసుకునే తీరికెక్కడేడ్చింది!" అని నవ్వింది.

ఇవాళ శుక్రవారం. గోరువెచ్చని నెయ్యి పోసింది. ఆయన అందులో కళ్లు తెరిచాడు, నీళ్లు మార్చని తొట్టిలో చేపలా. వెయ్యి అంకెలయ్యేదాకా కదలకూడదు. ఆ అంకెలు లెక్కపెట్టేదీ ఆమే. తను లెక్కపెడితే మనసు అలసిపోతుందట!

"మూడు వందల పది, మూడు వందల పదకొండు..."

"నెమ్మదిగా. ఏం కొంపలు మునిగాయి?"

"అయిదింటికల్లా చీటీ తెచ్చుకోవాలండీ."

"మళ్లీ అదేనా? నా వైద్యం పూర్తవనీ, చూద్దాం. గట్టిగా చెప్పు, నిద్రొస్తోంది."

గోడ మీద గడియారం ముల్లు కనబడక ఆమె దగ్గరికెళ్లి చూసింది. నాలుగున్నర దాటింది. వెనక్కి తిరిగింది. పిండీ నెయ్యీ పోగా ఆ మొహంలో మిగిలింది నోరొక్కటే. ఆ మనిషి పక్కకి తిరగలేడు, లేవలేడు, తన తల దగ్గర ఎవరున్నారో కూడా చూడలేడు. అయినా ఆ నోరు హుకుం జారీ చేస్తోంది. ఇరవై రెండేళ్లు తను భయపడింది ఈ నోటికా? కోపం రాలేదామెకి. అంట్ల గిన్నె అడుగున జిడ్డు చూసినప్పటి రోత కలిగింది.

"మూడు వందల నలభై ఏడు" అంది, అదే గొంతుతో.

సంచీ భుజాన వేసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, మెట్లు ఒక్కొక్కటే తడుముకుంటూ వీధిలోకి దిగింది.

లోపల ఆయన, నెయ్యి ఒలకకుండా ఊపిరి బిగబట్టి, మూడు వందల నలభై ఎనిమిది కోసం ఎదురుచూస్తున్నాడు.