మంత్రి చెప్పిన చాడీలు

ఆదివారం మధ్యాహ్నం నాగజ్యోతి వంటింట్లో భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, పదేళ్ల కూతురు వర్షిత స్కూల్లో ఇచ్చిన కాగితం పట్టుకొచ్చి ఆమెను కుర్చీలో కూర్చోమంది. రేపు క్లాసులో ఒక్కొక్కరు చరిత్రలోని ఒక మనిషిలా కూర్చుంటే, మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారట. వర్షిత వంతుకు ఎలాయ్ వచ్చాడు. మూడు వేల ఏళ్ల కిందట చైనాలో షాంగ్ వంశపు చివరి రాజుకు మంత్రి. మహా బలశాలి. ఆ బలమంతా రాజుకే ధారపోశాడు. అందరి మీదా చాడీలు చెప్పి సామంతులను దూరం చేశాడు. చివరికి రాజ్యమూ పోయింది, అతనూ పోయాడు.

"యూ బీ ఎలాయ్, అమ్మా. ఐ విల్ ఆస్క్," అంది వర్షిత.

సింకు దగ్గర పూజిత గిన్నెలు తోముతోంది. నాగజ్యోతి మరిది లోకేష్ భార్య ఆమె. ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్‌లోని ఈ ఇంట్లో రెండేళ్లుగా అందరూ కలిసే ఉంటున్నారు. పోయిన నెల పూజితకు గ్లాస్గోలో ఉద్యోగం వచ్చింది. లోకేష్‌కు తనే మెల్లగా చెప్పుకుంటాననీ, అంతవరకూ ఎవరితోనూ అనొద్దనీ నాగజ్యోతి చెయ్యి పట్టుకుని బతిమాలింది. ఆ సాయంత్రమే నాగజ్యోతి భర్త శ్రీకాంత్‌కు అన్నం వడ్డిస్తూ చెప్పేసింది. అతను తమ్ముడికి చెప్పాడు. లోకేష్ పూజిత ఫోన్ తీసుకుని, ఉద్యోగం వద్దని ఆమె పేరుతో తనే ఈమెయిల్ పంపేశాడు. "నువ్వే చెప్పావా అక్కా?" అని మెట్ల మీద పూజిత అడిగితే, నేనెందుకు చెప్తానంది నాగజ్యోతి.

"వై డిడ్ యూ టెల్ టేల్స్?" అడిగింది వర్షిత.

ఎందుకు చెప్పింది? కేర్ హోమ్‌లో ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టి, ఇంటికొచ్చి ఐదుగురికి వండి, అందరి బట్టలూ ఉతికి మడతపెడితే, "మా ఆవిడ ఏనుగులా పనిచేస్తుంది" అని స్నేహితుల దగ్గర నవ్వుతాడు శ్రీకాంత్. నడుం నొప్పిగా ఉందంటే ఫోన్‌లోంచి తలెత్తడు. ఆ సాయంత్రం మాత్రం ఫోన్ బోర్లా పెట్టి, "కూర్చో, నువ్వూ తిను. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసేదే కాదు," అన్నాడు. ఆమె మురిసిపోయింది. పక్కనే కూర్చుని కడుపునిండా తిన్నది. ఆ మురిపెం గుర్తొచ్చి ఇప్పుడు చెవులు మండిపోయాయి.

"చెప్తే రాజు నా మొహం చూసేవాడు," అంది.

"హూ డిడ్ యూ టెల్ ఆన్?"

"పిన్ని మీద."

"దట్స్ నాట్ ఆన్ ద షీట్," అంది వర్షిత.

పూజిత కుళాయి కట్టేసింది. నాగజ్యోతి తలెత్తలేకపోయింది.

"బావగారికి చెప్పింది నేనే పూజితా. మెట్ల మీద నీతో అబద్ధమాడాను."

పూజిత చేతులు తుడుచుకుంది. "ఇప్పుడెందుకు చెప్తున్నావు? ఫర్వాలేదక్కా అని నేననాలనా?"

అందుకేనని తెలిసి నాగజ్యోతి ఇంకా కుంచించుకుపోయింది. ఆ ఉద్యోగం ఇంకా కావాలా అని అడిగింది. కావాలంది పూజిత. నాగజ్యోతి ఇస్త్రీపెట్టె ఆపి, అన్నదమ్ములు మ్యాచ్ చూస్తున్న ముందు గదిలోకి వెళ్లింది.

"లోకేష్, ఆ ఈమెయిల్ పూజిత రాయలేదు, నువ్వు రాశావు. గ్లాస్గో వాళ్లకు ఆ సంగతి తను చెప్తుంది. సాక్ష్యం అడిగితే నేను చెప్తాను."

లోకేష్ అన్న వైపు చూశాడు. శ్రీకాంత్ నవ్వబోయి ఆగిపోయాడు.

"ఏంటి జ్యోతీ, మా మీదే చెప్తావా?"



"అవునండీ. మీ మీదే."