బుగ్గమ్మ కడ్డీ

జంగప్ప తాగడు, పేకాడడు, పరాయి ఆడవాళ్ల వంక చూడడు. అలాంటి మొగుడి మీద చాడీలు చెప్పడం ఎంత కష్టమో భీమమ్మకే తెలుసు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. తలకు రాసుకోవాల్సిన కొబ్బరినూనెతో కారు బంపరు తోమే మనిషిని ఏమనాలి, తన జుట్టు నూనె ముఖం చూసి ఎన్నాళ్లయిందో, అని నీళ్ల బావి దగ్గర కనబడిన వాళ్లందరికీ చెప్పుకునేది.

ఆ కారైనా ఒక్క కారు కాదు. వికారాబాద్ స్టేషన్ వెనక రేకుల షెడ్డులో జంగప్ప మూడు చచ్చిన కార్లను కలిపి దాన్ని బతికించాడు. ఇంజను ఊరు వదిలిపోయిన ఒక జాగీర్దారుది. తలుపులు ఎవరో డాక్టరువి. క్రోమ్ పూత మెరిసే బంపర్లు ఎవరివో అతనికే గుర్తులేదు. కారులో అతనికి అన్నిటికంటే ముద్దు ఆ మెరుపే.

దాన్ని ఎక్కాల్సిన మనిషి మాత్రం ఎక్కడం లేదు. జంగప్ప తల్లి బుగ్గమ్మ రైలు మెట్టు మీద జారి మోకాలు పాడుచేసుకుంది. తాండూరులో ఉన్న అక్క మొగులమ్మను చూసి మూడేండ్లయింది. మొగులమ్మకు చూపు తగ్గుతోందని కబురొచ్చింది. అయినా రైలు పేరెత్తితే బుగ్గమ్మ మోకాలు పట్టుకుని గోడవైపు తిరిగేది. కారైతే నేలకు మరీ ఎత్తు.

"పట్టుకోనీకి ఏదన్న ఉంటే ఎక్కుత కొడకా. గాలిని పట్టుకొని ఎట్ల ఎక్కాలె?" అంది ఒకరోజు.

జంగప్ప ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. వెనక బంపరు మీది గుండ్రటి క్రోమ్ కడ్డీని మూరెడు కోసి, తలుపు పక్కన పిడిగా పెడతానన్నాడు. ప్రాణంలాంటి బంపరును అమ్మ కోసం కోశాడంటే భీమమ్మకు ఆ సాయంత్రం మొగుడి మీద చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

కడ్డీ రెండు చివర్లా ఇనప పట్టీలను ఇత్తడి కరిగించి అతికించబోతుంటే ఆమె చాయ్ తెచ్చింది.

"పైనున్న పూత గీకవా?"

"గీకుతే మెరుపు పోతది."

"కళాయి పెట్టెటోడు చూడు, గిన్నెను ఎర్రగయ్యేదాక తోమి గాని పెట్టడు. తోమని కాడ అంటదు."

"గిన్నెలు వేరు, మోటార్లు వేరు. నీకు గిదంత ఎర్కలేదు, పో."

భీమమ్మ పోయింది. చాయ్‌లో చక్కెర వేయడం మరిచిపోయింది, కావాలనే.

ఇత్తడి అతుక్కున్నట్టే కనబడింది. శుక్రవారం పొద్దున బుగ్గమ్మ కొత్త చీర కట్టుకుని, అక్క కోసం సజ్జరొట్టెలు మూటగట్టుకుని షెడ్డుకు వచ్చింది. ఒక కాలు కారు లోపల పెట్టింది. కడ్డీ పట్టుకుని బరువు వేసింది. టప్పుమని అతుకు విడిపోయింది. కడ్డీతో సహా ముసలామె వచ్చి వెనకున్న భీమమ్మ చేతుల్లో పడింది.

దెబ్బేమీ తగల్లేదు. బుగ్గమ్మ చేతిలోని కడ్డీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది కొడకా, ఎక్కుమని ఇచ్చినవా, పట్టుకపొమ్మని ఇచ్చినవా?"

అందరూ నవ్వారు, ఆమె తప్ప. రొట్టెల మూట భీమమ్మ చేతికిచ్చింది. "నా అక్కను నేను సూసేది లేదు. ఇగ అడగకుండ్రి," అని కుంటుకుంటూ ఇంటికి మళ్లింది.

జంగప్ప షెడ్డులోనే కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం భీమమ్మ అన్నం తెచ్చింది. పప్పు మాత్రం పోయినేడు కళాయి పెట్టించిన పాత రాగి గిన్నెలో ఉంది. కళాయి వాడు తొందరలో తోమకుండా వదిలిన చోట, తమలపాకంత మేర, తెల్లపూత ఊడి ఎర్రగా కనబడుతోంది. ఆ వైపు అతనికి ఎదురుగా పెట్టి కూర్చుంది.

అతను అన్నం తిన్నాడు. గిన్నెను చూశాడు. చెయ్యి కడుక్కుని ఆకురాయి తీశాడు.

గరగరమని గీకుతుంటే ఆ శబ్దం వాకిట్లోకి వినబడింది. రెండు చివర్లా మెరుపు పోయి కింది ఇనుము బయటపడింది. ఈసారి ఇత్తడి కరిగి చుట్టూ పాకి కూర్చుంది. జంగప్ప కడ్డీని పట్టుకుని వేలాడాడు. భీమమ్మనూ వేలాడమన్నాడు. ఆమె పంచాంగం చూసి చెబుతానంది.

బుగ్గమ్మను ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది. చివరకు ఆమె నున్నటి మెరుపును వదిలేసి, కింది అతుకు దగ్గర, ఇత్తడి గరుకుగా కూర్చున్న చోట పట్టుకుంది.

"గా మెరిసే కాడ జారుతది. గిక్కడ మంచిగున్నది," అంటూ ఎక్కి కూర్చుంది.

తాండూరులో మొగులమ్మ ఇంటి ముందు నాపరాళ్ల మీద కారు ఆగింది. మొగులమ్మ చెల్లెలి ముఖాన్ని రెండు చేతులతో తడిమి తడిమి చూసింది.

"గీ మోకాలుతోని ఎట్ల ఎక్కినవే?" అంది.

"నా కొడుకు తెలివి అక్కా. గీ కడ్డీ వాడే పెట్టిండు. వానికి ఎవలూ చెప్పనవసరం లేదు."

భీమమ్మ మళ్లీ కాల్చి తెచ్చిన రొట్టెల మూట ముడి విప్పడంలో ఎంతో శ్రద్ధగా ఉంది. ఆ ముడి అప్పటికే విడిపోయి ఉంది.

జంగప్ప మెడ రుద్దుకున్నాడు. కడ్డీ వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు.

"లేదు పెద్దవ్వా. పూత గీకుమని భీమమ్మ మొదట్నే చెప్పింది. మెరుపు పోతదని నేనే ఇనలే. అవ్వ పడ్డది గందుకే. తప్పు నాదే."