టేకుమట్ల దాకా డబ్బా బండి

"ఎవలో గడ్డి కాలవెడుతున్నరు. ఆ పొగ సూడు, ఎంత నల్లగున్నదో" అంది ఎస్తేరు.

పౌలు పొయ్యి మీది చాయ్ గిన్నె దించి తలుపులోంచి బయటికి తొంగి చూశాడు. మహబూబాబాద్ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా, రోడ్డు పక్క మామిడితోటలో నిన్న సాయంత్రం బండి ఆపుకున్నారు. ఎదురుగా కోసిన వరిమళ్లు, వాటి మీద పల్చటి ఎండ. ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. ఎక్కడా పొగ లేదు.

"యాడున్నది పొగ?"

"గా కిటికీల నుంచి వస్తుంది గద..." అంటూ చూపించబోయి ఆగిపోయింది. లేపిన చెయ్యి ముఖం ముందు అలాగే ఉండిపోయింది. కన్ను మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. ముప్పై మూడేళ్లు ఊళ్ల వెంట తిరిగి నర్సు పని చేసిన మనిషి. ఇది ఏమిటో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"పొగ కాదు. కంట్ల నెత్తురు దిగింది" అంది, ఎవరో పేషెంటు సంగతి చెబుతున్నట్టు.

చక్కెర జబ్బు ఎడమ కన్నును రెండేళ్ల కిందటే తినేసింది. ఉన్నది ఈ కుడి కన్నొక్కటే. పౌలు చేతిలో చాయ్ గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.

పౌలు జనగామ ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఎస్తేరును ఊరంతా సిస్టరమ్మ అంటారు. ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నన్నాళ్లూ కలిసి ఒక ఊరికి పోయింది లేదు. అతనికి సెలవు దొరికిన రోజు ఆమెకు పోలియో చుక్కల డ్యూటీ. ఆమెకు తీరిక ఉన్న రోజు డిపోలో నాలుగు బస్సులు పడకేసి ఉండేవి. బిడ్డ అఖిల పెళ్లయి హన్మకొండలో కాపురం పెట్టింది. ఇద్దరూ ఇంట్లో ఎదురెదురుగా కూర్చునే రోజులు వచ్చాక ఎస్తేరు ఒకనాడు అంది: "నేను పనిచేసిన ఊర్లన్ని ఒక్కపారి తిరిగి సూడాలె. ఎనుకనుంచి మొదలువెట్టి టేకుమట్ల దాక పోవాలె."

టేకుమట్ల ఆమె మొదటి ఉద్యోగం చేసిన ఊరు. కొత్తగా పెళ్లయి, ఒక్క గది కిరాయికి తీసుకుని, ఇద్దరూ ఒకే కంచంలో తిన్న ఊరు.

అప్పుడే తుక్కు దుకాణంలో పౌలు కంట్లో ఆ డబ్బా పడింది. నాలుగు చక్రాల మీద రేకుల గది. రోడ్డు కాంట్రాక్టరు పని ముగించుకుని పోతూ వదిలేసిన ఆఫీసు. ఏడాదిన్నర దాని మీద పడ్డాడు. తుప్పు గీకాడు, రేకులు మార్చాడు, కిటికీలకు దోమల జాలీ బిగించాడు. ఒక పక్క మంచం, ఒక పక్క పొయ్యి, పైన నీళ్ల డ్రమ్ము. ఎస్తేరు మోకాళ్లకు తగ్గట్టు తలుపు కింద రెండు మెట్లు, లోపలికి తోస్తే దూరిపోయేలా చేశాడు. ఆకాశం రంగు ఆమె ఎంచింది. దాన్ని పాత జీపు వెనక తగిలించిన రోజు వాడకట్టంతా వచ్చి చూసింది. "రిటైరైనోళ్లు యాత్రలకు పోతరు. నువ్వేంది మామా, ఇంటినే ఈడ్చుకపోతున్నవ్!" అని నవ్వారు.

పాలకుర్తిలో మొదటి రెండు రోజులు జాతరలా గడిచాయి. పాత పరిచయాలన్నీ కదిలి వచ్చాయి. ఆడవాళ్లు వరసలో మెట్లెక్కి లోపల చూసిపోయారు. ఒకావిడ మంచం మీద తీరిగ్గా కూర్చుని, "జర బీపీ సూడు సిస్టరమ్మా, నీ చేతితోని సూస్తేనే నాకు తృప్తి" అంది.

ఆ మరుసటి రోజు ఈ పొగ.

మహబూబాబాద్ దవాఖానలో చూసి, ఇది ఇక్కడ అయ్యేది కాదు, హన్మకొండ పొమ్మన్నారు. హన్మకొండలో కంటి డాక్టరు చాలాసేపు లైటు వేసి చూశాడు. చక్కెర బాగా ఎక్కువుంది, అది దిగితేగానీ ఆపరేషన్ చెయ్యలేమన్నాడు. పది రోజులాగి రమ్మన్నాడు. అందాకా కుదుపులు వద్దు, పడుకున్నా తల ఎత్తుగా ఉండాలి, కొందరికి నెత్తురు తనంతట తానే కిందికి దిగి కొంచెం తేట పడుతుంది అన్నాడు. చివర్లో ఆమె పాత చీటీలు తిరగేస్తూ, "మొన్న లేజర్‌కు రమ్మని తారీఖు ఇస్తే ఎందుకు రాలేదమ్మా?" అని అడిగాడు.

పౌలుకు ఆ తారీఖు సంగతి తెలియదు. లెక్క చూస్తే, వాళ్లు జనగామలో బయల్దేరిన రోజే.

బయటికొచ్చాక దవాఖాన మెట్ల మీద ఆగాడు. "చెప్పవా నాకు?"

"చెప్తే ఆగుదామంటవు. లేజరైనంక ఇంకో తారీఖిస్తరు, అది అయినంక ఇంకోటి. నాకు ఎరుకే గద."

"అందరికి మందులు మింగిచ్చినవు, సూదులేసినవు. నీ కాడికి వచ్చేసరికి..."

"తిట్టు" అంది ఎస్తేరు, అతను ఉన్న వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ. "కానీ బండి ఇంటికి మాత్రం మర్లియ్యకు. పది రోజులు గోడ దిక్కు సూసుకుంట కూసుంటె ఏమొస్తది? ఆపరేషనైనంక ఎట్లుంటదో డాక్టరే చెప్పలే. టేకుమట్ల పోదాం."

అఖిల తన ఇంట్లో ఉండమని ఏడ్చింది. పౌలు కాదనలేకపోయాడు, ఔననలేకపోయాడు. ఆ సాయంత్రం రంపం తీసుకుని మంచం తలవైపు కోసి, ఏటవాలుగా లేపి బిగించాడు. కూర్చున్నట్టే నిద్రపోవచ్చు. అతని చేతనైంది అదొక్కటే.

మర్నాడు నెమ్మదిగా బండి కదిలించాడు. రోజూ తెల్లారేసరికి ఆమెకు అంతా నలుపు. మధ్యాహ్నానికి పైనుంచి కొంచెం తెలుపు వచ్చేది. "ఇగో, ఇంత మందం కనవడుతుంది. చెట్ల కొనలు కనవడుతున్నయి" అని నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించేది. అతనూ ఆ నాలుగు వేళ్ల వంకే ఆశగా చూసేవాడు.

భూపాలపల్లి దారిలో, ఘనపూర్ దగ్గర రవాణా శాఖవాళ్లు బండ్లు తనిఖీ చేస్తున్నారు. జీపు కాగితాలు చూశాక అధికారి వెనక్కి నడిచాడు.

"దీని కాయితాలు?"

"అది బండి కాదు సార్. డబ్బా."

"చక్రాలున్నయి, రోడ్డు మీద తిరుగుతుంది. బండి కాకపోతే ఏంది పెద్దాయనా?"

డిపోలో అన్నేళ్లు పనిచేసిన పౌలుకు ఆ మాత్రం తెలియక కాదు. ముసలోళ్లం, మనల్ని ఎవరడుగుతారులే అనుకున్నాడు. ఎస్తేరు కన్ను సంగతి చెప్పాడు. చేతులు జోడించాడు. అధికారి చెడ్డవాడు కాదు. లోపలికి చూసి, మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న ఆమెను చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఫొటో తీసిన, ఆన్‌లైన్ల ఎక్కింది. ఇగ నా చేతిల ఏం లేదు. జీపు తీస్కపో. డబ్బా మాత్రం ఈడనే ఉండాలె."

పట్టుకున్న బండ్లు పెట్టే ఖాళీ జాగాలోకి పౌలే దాన్ని తోలాడు. అటూ ఇటూ ఇసుక లారీలు, నడుమ ఆకాశం రంగు డబ్బా. కాపలా ఉన్న కానిస్టేబుల్ హీరాలాల్ వచ్చి, "సీజైన బండ్లల్ల మనుషులు ఉండొద్దు బాపు" అని, ఎస్తేరును చూసి, "సరే, ఉండుండ్రి. అడిగితె నేను సూడలేదని చెప్త" అని పోయాడు.

డబ్బా విడిపించుకోవడానికి రెండు రోజులు పౌలు భూపాలపల్లి రవాణా ఆఫీసుకు తిరిగాడు. ఈ కిటికీ కాదంటే ఆ కిటికీ. ఆఖరికి ఒక గుమస్తా ఫారం ముందు పెట్టుకుని, "తయారు చేసిన కంపెనీ?" అన్నాడు.

"నేనే చేసిన సార్."

"కంపెనీ సర్టిఫికెట్ కావాలె గద."

"కంపెనీ లేదు సార్. నేనే."

గుమస్తా కలం ఆ గడి మీదే ఆగిపోయింది. కాసేపటికి ఫారం వెనక్కి జరిపాడు. ఏ బస్సు మొరాయించినా అరగంటలో లేపి నిలబెట్టిన పౌలు, ఆ చిన్న ఖాళీ గడిని నింపలేక బయటికి వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి ఎస్తేరు తలుపు దగ్గర కూర్చుని ఉంది. "బయట ఏమున్నది?" అని అడిగింది.

"లారీ."

"ఇంక?"

"ఇంకో లారీ."

ఆమె ఫక్కున నవ్వింది. "ఇంజన్ల తలకాయ పెట్టి బతికినోన్ని అడుగుతున్న సూడు, నాది తప్పు."

పౌలు మళ్లీ చూశాడు, ఈసారి కష్టపడి చూశాడు. "అద్దాలు పలిగిన ఆటో ఒకటున్నది. దాని మీదికి బీరతీగ పాకింది. పసుప్పచ్చ పూలు. ఒక కాయ... స్టీరింగు కాడ ఏలాడుతంది."

"లేతదేనా?"

"లేతదే."

"మరి కోసుకరాకపోయినవ్?"

"కేసుల ఉన్న ఆటోది కాయ. అదీ కేసులకే వస్తదేమో."

హీరాలాల్ తానే కోసుకొచ్చి ఇచ్చాడు. ఎస్తేరు చెబుతుంటే పౌలు వండాడు. ఉప్పెక్కువైంది. అయినా గిన్నె ఖాళీ అయింది.

మూడో రోజు పొద్దున ఎస్తేరు అంది: "డబ్బాను ఈడనే ఉండనీ. మనం డబ్బాను సూడనీకి వచ్చినమా? జీపుల పోదాం."

పౌలు జీపును ఎద్దుబండిలా నడిపాడు. వెనక వచ్చే లారీలన్నీ హారన్లు కొడుతూ దాటిపోయాయి. గుంత కనబడగానే వేగం తగ్గించి, చక్రాలను ఒడ్డున దించి, మళ్లీ ఎక్కించేవాడు. అయినా నీళ్లు నిండిన గుంత ఒకటి రోడ్డుతో కలిసిపోయి మోసం చేసింది. జీపు దభీమని దిగి లేచింది. ఎస్తేరు ఒక్కసారి కంటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమైంది?"

"ఏం కాలే. నడువు."

టేకుమట్ల వచ్చాక జీపు ఆపితే, ఆమె దిగకుండా కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "ఇందాక మళ్ల దిగింది. ఇప్పుడు మీద గూడ తెలుపు లేదు."

పౌలు స్టీరింగును ఇంకా పట్టుకునే ఉన్నాడు. నడిపింది తను. ఆ గుంతలో దించింది తను. ఎస్తేరు తడుముకుని అతని మణికట్టు పట్టుకుంది, నాడి చూస్తున్నట్టు.

"వచ్చినం గద. దింపు నన్ను."

వాళ్లు కాపురమున్న ఇల్లు లేదు. ఎస్తేరు పనిచేసిన ఆరోగ్య సబ్ సెంటర్ ఉన్నచోట ఎరువుల దుకాణం ఉంది. పౌలు ఆమెను దుకాణం ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరినో అడుగుతున్నాడు. ఈలోగా నెత్తిన పత్తి మూటతో పోతున్న ముసలామె ఒకతె ఆగింది. మూట దించింది. పక్క తండా మనిషి, చేతుల నిండా తెల్లటి గాజులు. ఎస్తేరు ఎదురుగా వచ్చి నిలబడి, ముఖమంతా నవ్వుతూ చూసింది. ఎస్తేరు ఆమె భుజం మీదుగా రోడ్డు వైపు చూస్తోంది. ముసలామె ఇంకొంచెం ముందుకు వంగింది. ఎస్తేరులో చలనం లేదు. ఆ నవ్వు మెల్లగా ఆరిపోవడం పౌలు దూరం నుంచే చూశాడు. చెబుదామని అటు రెండడుగులు వేశాడు. అంతలోనే ముసలామె మళ్లీ మూట ఎత్తుకోబోయింది.

"గొప్పదానివైనవు, మేమెందుకు గుర్తుంటం" అని గొణిగింది.

ఎస్తేరు ఉలిక్కిపడింది. "మంగ్లీ?"

మూట కింద పడింది.

"మంగ్లీవే గద! నీ బిడ్డ కాళ్లు ముందుగాల వచ్చి పుట్టింది. ఆనాడు తెల్లందాక నా చెయ్యి ఇడువలే నువ్వు. ఎటున్నవు, ఇటు రా. నాకు కనవడుత లేదే."

మంగ్లీ కింద చతికిలబడి, ఎస్తేరు కాళ్లు పట్టుకుని, తన భాషలో పెద్దగా ఏడ్చింది. ఎస్తేరు కూడా రెండు లంబాడీ మాటలేవో అంది. పౌలుకు అర్థం కాలేదు. బెంచీ పక్కన నిలబడి, పడిపోయిన మూటలోంచి చెదిరిన పత్తిని ఏరి లోపల పెడుతూ ఉండిపోయాడు.

ఆ రోజే హన్మకొండకు తిరిగొచ్చారు. డబ్బా ఘనపూర్‌లోనే ఉండిపోయింది. చక్కెర దిగడానికి పది రోజులు కాదు, పదహారు పట్టింది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ పౌలు వరండాలో నిలబడ్డాడు. ఒకసారి అక్కడ ఊగుతున్న కుర్చీ నట్టు బిగించబోతే, వద్దని అఖిల చేతులు పట్టుకుంది.

మరునాడు కట్టు విప్పారు. డాక్టరు ఎస్తేరుకు మూరెడు దూరంలో వేళ్లు చూపించాడు.

"అమ్మా, ఎన్ని వేళ్లు?"

ఎస్తేరు చూసింది. కన్ను చిట్లించి, తల అటూ ఇటూ తిప్పి చూసింది. పక్కనే కూర్చున్న పౌలు చేతిలో ఆమె చెయ్యి ఉంది. అతను తట్టుకోలేకపోయాడు. ఎవరికీ తెలియకుండా ఆ అరచేతిని ఒకసారి నొక్కాడు, ఆగి ఇంకోసారి నొక్కాడు.

"రెండని మా ఆయన చెప్తున్నడు సారూ" అంది ఎస్తేరు. "నాకైతే కనవడుత లేదు."