దిగని బంతి

పొద్దున్న అయిదున్నరకి కోచమ్మ విజిల్ ఊదాక కోర్టులో కాలు పెట్టినవాళ్లు ఎవరైనా సరే, పది రౌండ్లు పరిగెత్తాల్సిందే. జ్వరమన్నా వినదు, బస్సు రాలేదన్నా వినదు. "బస్సు రాకపోతే నడిచి రా. నడిస్తే ఆలస్యమవుతుందంటే పరిగెత్తుకు రా. ఇక్కడికొచ్చి చేసేదీ అదేగా" అంటుంది.

ఆడపిల్లల కాలేజీ వెనక, రేకుల కప్పు కింద ఉంది ఆ బాస్కెట్‌బాల్ కోర్టు. గోడలు పెచ్చులు లేచిపోయాయి, ఒక బుట్టకి వల సగమే మిగిలింది. ఆ బుట్టకి మూరెడు ముందు, పైన, గాల్లో ఒక బంతి ఉంది. తాడు లేదు, మేకు లేదు. పంతొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది. దుమ్ము పట్టి, రంగు వెలిసి, అప్పుడప్పుడూ పావురానికి పీటవుతూ ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు తలెత్తి చూస్తారు. రెండోరోజుకి ఫ్యానెంతో అదీ అంతే.

ఆ బంతి కోచమ్మ విసిరిందే. తను ఇదే కాలేజీలో చదువుతూ జట్టుకి కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఫైనల్ ఆడింది. ఒక్క పాయింటు వెనకబడి ఉండగా ఆఖరి సెకనులో విసిరింది. బంతి చెయ్యి దాటాక గంట మోగింది. గంట ఆగింది గానీ బంతి దిగలేదు. చూసినంతసేపు చూసి, మెడలు నొప్పెట్టాక జనం ఇళ్లకి పోయారు. రెఫరీ స్కోరు కాగితం మీద 'బంతి గాల్లో ఉంది' అని రాసి, సంతకం పెట్టకుండా మడిచి జేబులో వేసుకున్నాడు.

ఆ ఫైనల్ గెలిస్తే తమ కెప్టెన్‌కి పర్మినెంటుగా కోచ్ ఉద్యోగమిస్తామని కాలేజీవాళ్లు ముందే రాసిచ్చారు. మ్యాచ్ తేలకపోయేసరికి వాళ్ల ప్రాణం లేచొచ్చింది. 'మ్యాచ్ ముగిసేవరకు, తాత్కాలికంగా' అని ఇంకో కాగితం కొట్టి చేతిలో పెట్టారు.

పంతొమ్మిదేళ్ల తాత్కాలికం! ఆమె చేతికింద ఆడిన పిల్లలు పోలీసులయ్యారు, నర్సులయ్యారు, ఒకతె విమానమే నడుపుతోంది. కోచమ్మకి మాత్రం బంతులు పెట్టుకునే గదిలో ఒక స్టూలు.

"అందరూ గాల్లో మేడలు కడితే నా కూతురు గాల్లో ఉద్యోగం కట్టుకుంది" అనేది వాళ్లమ్మ.

"అది పడ్డరోజున తేలుతుందిలేవే అమ్మా, ఉంటానో పోతానో."

మూడేళ్లకోసారి గోడలకి రంగులేసే మేస్త్రి మాత్రం ఒక సంగతి కనిపెట్టాడు. "అమ్మా, పోయినసారి నిచ్చెన పదకొండో మెట్టెక్కితే నా ముక్కుకి ఎదురుగా ఉండేది. ఇప్పుడు పదో మెట్టుకే ఉంది" అన్నాడు. కోచమ్మ వెంటనే గోడమీద పెన్సిల్‌తో గీత గీసింది. ఆ ఏడాది నుంచి కొత్త పిల్లలకి మొదటి పాఠం మారింది.

"దిగుతున్న బంతిని, బుట్టకంటే ఎత్తులో, ఎదుటి జట్టువాళ్లు ముట్టుకుంటే?"

"బుట్టలో పడ్డట్టే మేడమ్!"

ఈ ఏడు కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. తాటిచెట్టంత మనిషి. గుమ్మంలో తల వంచి లోపలికి వస్తుంటేనే కోచమ్మ గుర్తుపట్టింది. ఆ రోజు రెండు చేతులూ చాపి తనకి అడ్డం నిలబడ్డ మనిషే, ఎదుటి జట్టు పదకొండో నంబరు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అంది ప్రిన్సిపాల్.

"బంతి ఇక్కడుంటే నేనెక్కడికి పోతాను?"

"నన్ను ఎక్కడికి పోయినా అదే అడుగుతారు, ఆ ఫైనల్ గెలిచారా ఓడారా అని. ఏం చెప్పి చావను? ఇక చాలు. దీన్ని పరీక్షల హాలు చేస్తున్నాం. శనివారం రెఫరీ వస్తాడు. మ్యాచ్ రద్దు, దాంతోపాటే నీ ఉద్యోగమూ రద్దు."

"నా షాట్ పడనీ. బుట్టలో పడకపోతే నువ్వు పొమ్మనక్కర్లేదు, నేనే పోతాను. పడకముందే పొమ్మంటే మాత్రం పోను."

శనివారం నాటికి బల్లలొచ్చి గోడ పక్కన నిలబడ్డాయి. పిల్లలు వాటి ముందు వరసగా కూర్చున్నారు. అందరికంటే పొట్టిది, మిరపకాయ అని పేరుపడ్డ కెప్టెన్, గోళ్లు కొరుకుతోంది. ముసలి రెఫరీ పాత విజిల్ మెడలో వేసుకుని వచ్చి, కళ్లజోడు తుడుచుకుని గోడమీది పెన్సిల్ గీతనీ, దానికి కాస్త దిగువనున్న బంతినీ చూశాడు.

"బంతి గాల్లో ఉండగా మ్యాచ్ రద్దు చేసే అధికారం నాకు లేదమ్మా."

"మరెవరికుంది?"

"బంతికి."

ప్రిన్సిపాల్ చెప్పులు విడిచి విసిరికొట్టింది. మూలనున్న బూజుకర్ర లాక్కుంది. నిచ్చెన తనే జరుపుకుని ఎక్కడం మొదలెట్టింది.

"మేడమ్, ఆపండి మేడమ్!" మిరపకాయ ఎగిరి లేచింది.

"కూర్చో" అంది కోచమ్మ. "మొదటిరోజు పాఠమేంటి?"

మిరపకాయ నోరు తెరిచింది. తెరిచిన నోటిని రెండు చేతులతో మూసుకుని కూర్చుంది.

కర్ర తగిలింది. పంతొమ్మిదేళ్ల నిద్రలోంచి లేచినట్టు బంతి ఒళ్లు దులుపుకుంది. దుమ్ము రాలింది. బుట్ట అంచుకి కొట్టుకుని, బయటికి దొర్లి, నేలమీద మూడుసార్లు ఎగిరింది.

"చూశారా! పడలేదు! పడేది కాదని నాకప్పుడే తెలుసు!" నిచ్చెన మీంచి ప్రిన్సిపాల్ అరిచిన అరుపుకి పావురాలన్నీ లేచిపోయాయి.

విజిల్ మోగింది.

"దిగుతున్న బంతిని ముట్టుకున్నారు" అన్నాడు రెఫరీ, రెండు వేళ్లెత్తి. "బుట్ట లెక్కే. రెండు పాయింట్లు."

"ఏం మాట్లాడుతున్నారు? నేను ప్రిన్సిపాల్‌ని!"

రెఫరీ జేబులోంచి పసుపెక్కిన కాగితం తీసి, మడతలు విప్పి, వేలితో వెతికాడు. "పదకొండో నంబరుని మార్చినట్టు ఇందులో ఎక్కడా లేదమ్మా. మీరింకా ఆటలోనే ఉన్నారు." ఆ మాట అని సంతకం పెట్టేశాడు.

పిల్లల కేకలకి రేకులు అదిరాయి. ప్రిన్సిపాల్ నిచ్చెన మెట్టుమీదే కూలబడింది. "అయితే ఓడిపోయామన్నమాట" అంది మెల్లగా. ఆ మాట నోట్లో పెట్టుకుని రుచి చూస్తున్నట్టుంది. అనుకున్నంత చేదుగా లేదు కాబోలు, కిందికి దిగి చెప్పులు వెతుక్కుంది.

పర్మినెంటు ఆర్డరు మీద ఆమే సంతకం చేసింది. కోచమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి, "కోచ్‌ని పర్మినెంటు చేశాక కోర్టు లేకపోతే ఎలా? ఆ బల్లలు ఎక్కణ్ణుంచొచ్చాయో అక్కడికే పంపించండి" అంది.

"పంపిస్తాలే. నిజం చెప్పు, అసలు పడేదేనా అది?"

"ఆగి ఉంటే తెలిసేది."

ప్రిన్సిపాల్ పళ్లు నూరింది. "నాకింకో మ్యాచ్ కావాలి."

"సోమవారం రా. పొద్దున్నే అయిదున్నర."

సోమవారం కొత్త బూట్లు బిగించుకుని ఆమె గుమ్మంలోకొచ్చేసరికి అయిదూ ముప్ఫై రెండు. మిరపకాయ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. కోచమ్మ గడియారం చూడలేదు. పైకీ చూడలేదు, అక్కడిప్పుడు చూడ్డానికేం లేదు. బంతిని కాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ చాపి పది వేళ్లు చూపించింది.