నడవాలో ముగ్గురు సంపాదకులు

ఆ పత్రికలో ఒక పద్ధతి ఉండేది. సంపాదకవర్గం ముందుకు వచ్చిన పరిశోధన వ్యాసంతో ఎవరికైనా సొంత సంబంధం ఉంటే, ఆ సంబంధమేమిటో పైకి చెప్పి, లేచి, నడవాలోకి వెళ్ళిపోవాలి. తలుపు మూసేస్తారు. మిగిలినవాళ్ళు తేల్చాక లోపలికి పిలుస్తారు. హోబార్ట్ చిన్న ఊరు, సముద్రం మీద పరిశోధన చేసేవాళ్ళు ఇంకా తక్కువమంది. అందువల్ల ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు నడవాలో నిలబడి టీ తాగుతూనే ఉండేవారు. దాన్ని నామోషీగా ఎవరూ అనుకోలేదు. బయటికి వెళ్ళినవాడే నిజాయితీపరుడన్న పేరు కూడా ఉండేది.

ఆ రోజు వంతు టామ్సిన్ క్వారీ రాసిన వ్యాసానిది. సాల్మన్ చేపల్ని పెంచే వలల పంజరాల కింద నీళ్ళలో ప్రాణవాయువు తరిగిపోతోందనీ, అడుగున బతికే జీవాలు చచ్చిపోతున్నాయనీ ఆ వ్యాసం చెబుతోంది. బయటి సమీక్షకులిద్దరూ బాగుందన్నారు. సంపాదకవర్గం ఔనంటే అచ్చవుతుంది. ఆ చేపల్ని పెంచే కంపెనీకి పంజరాల అనుమతి పొడిగించాలా వద్దా అన్న విచారణ వచ్చే నెలలోనే ఉంది. ఈలోగా అచ్చయితేనే ఆ వ్యాసానికి విలువ.

ప్రధాన సంపాదకురాలు మెరిన్ టోల్‌హర్స్ట్ అందరికన్నా ముందు లేచింది.

"టామ్సిన్ నా స్టూడెంటు. నేను ఉండకూడదు."

"ఆ పిల్ల నీ దగ్గర చదివి ఐదేళ్ళు దాటిపోయింది కదా మెరిన్. మన రూలు ప్రకారం ఉండొచ్చు," అన్నాడు డెస్మండ్ పాస్క్, ఆమె కింద ఉపసంపాదకుడు.

"ఉండొచ్చు. మనసొప్పుకోవడం లేదు."

అందరూ ఆమె వైపు గౌరవంగా చూశారు. ఆ చూపు మెరిన్‌కు చలిలో వేసుకున్న కోటులా హాయిగా అనిపించింది. తను చెప్పిన కారణం నిజమే. చెప్పని కారణం తమ్ముడు గ్లెన్. పంజరాలకు మేత తీసుకువెళ్ళే పడవ నడుపుతాడు. ఆ ఉద్యోగం దొరక్కముందు అతను తాగి ఎక్కడ పడిపోతాడోనని ఆమె ఫోన్ మోగితే భయపడేది. ఆదివారం భోజనానికి వచ్చి, గొర్రెమాంసం కోస్తూ, మామూలుగానే అన్నాడు: "పరీక్షకని నీళ్ళు తోడుకుపోయిందే ఆ పిల్ల, తను రాసింది బయటికొస్తే మా అందరికీ ఉద్వాసనేనట అక్కా. నిజమా?" ఆమె అతని పళ్ళెంలో ఇంకాస్త కూర వడ్డించింది.

తమ్ముడి సంగతి చెప్పి లేచినా లేచినట్టే. కానీ మనిషికి రెండు సంబంధాలున్నప్పుడు అందంగా ఉన్నదాన్ని పైకి చెబుతాడు. శిష్యురాలి మీద అభిమానం అందరికీ నచ్చే బలహీనత.

ఆమె నడవాలోకి వచ్చిన కాసేపటికే డెస్మండ్ కూడా వచ్చాడు. "నా ల్యాబు నడిచేది ఆ కంపెనీ డబ్బుతోనేగా. చెప్పేసి వచ్చాను. ఇక నాకేం పాపం అంటదు," అంటూ కొబ్బరి పొడి అద్దిన కేకు ముక్క అందుకున్నాడు. అతని వెనకే ఆనెకే వాస్ వచ్చింది. పంజరాలు ఎత్తేయమని కోరే అర్జీ మీద ఆమె సంతకం ఉంది.

"లోపల ఎవరున్నారు?" అంది మెరిన్.

"లాకీ ఒక్కడే. తనతో తనే వాదించుకుని ఓడిపోతూ ఉంటాడు పాపం," అన్నాడు డెస్మండ్.

తలుపు తెరుచుకుంది. లాకీ బిరెల్ తల బయటపెట్టాడు. పడవల అడుగున పట్టే నత్తగుల్లల మీద జీవితమంతా గడిపిన ముసలాయన.

"ఏమర్రా, మీరంతా పవిత్రులై బయటికొచ్చేశారు. నేనొక్కణ్ణే ఏం తేల్చను? ఇద్దరన్నా ఉండాలంటోంది రూలు."

"బయటివాళ్ళకి అప్పగించొచ్చుగా," అంది ఆనెకే. "పెర్త్‌లో ఇదే విషయం చదివిన ప్రొఫెసర్ ఉన్నాడే, ఆయన ఒక్క వారంలో చూసిపెడతాడు."

"అప్పగించొచ్చు. కానీ ఆయన్ని అడగాల్సింది ప్రధాన సంపాదకురాలు. ఆవిడ మనతో నిలబడి టీ తాగుతోంది," అన్నాడు డెస్మండ్, వేళ్ళకంటిన కొబ్బరి నాకుతూ.

ముగ్గురూ మెరిన్‌ని చూశారు. ఒక్క మాట చాలు. ఐదేళ్ళు దాటాయి, నేను అడుగుతాను, అంటే చాలు. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది కూడా. దాని వెనకే గ్లెన్ మాంసం కోస్తున్న చేతులు వచ్చాయి. ఈమధ్య ఆ చేతులు వణకడం లేదు.

"నేను ఒకసారి తప్పుకున్నాను. మళ్ళీ కలగజేసుకుంటే బావుండదు," అంది.

"అయితే తేల్చడానికి ఎవరూ లేరని వ్యాసం తిప్పి పంపేద్దాం," అన్నాడు డెస్మండ్. గొంతులో సంతోషం ఏమాత్రం వినిపించకుండా జాగ్రత్తపడ్డాడు. ఆనెకే కప్పు ఠక్కున కింద పెట్టింది.

విచారణలో అనుమతి పొడిగించారు. పంజరాల వల్ల నష్టమని చెప్పే అచ్చయిన పరిశోధన ఏదీ తమ ముందుకు రాలేదని రాశారు. రాసింది అక్షరాలా నిజం.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం టామ్సిన్ మెరిన్ గదికి వచ్చింది. ఏడుస్తుందనుకుంది మెరిన్. ఆ పిల్ల ఏడవలేదు.

"ఆనెకే చెప్పింది. మీరు ఉండొచ్చట, అయినా లేచి బయటికి వెళ్ళారట. ఎంత నియమమో అనుకున్నాను మొదట. మీ అభిమానం నాకు భలే ఖరీదైంది మెరిన్."

"ఇంకో పత్రికకు పంపు టామ్సిన్. నేను ఉత్తరం రాసిస్తాను."

"ఇప్పుడెందుకూ? నా ఫెలోషిప్ అయిపోయింది. కంపెనీవాళ్ళే పిలిచారు, నీళ్ళు కొలిచే ఉద్యోగం. నేను బాగా కొలుస్తానట." నవ్వింది. "కొలిచింది మాత్రం వాళ్ళ దగ్గరే ఉంటుంది."

మెరిన్ కిటికీ వైపు చూసింది.

"వాళ్ళ మేత పడవలోనే వెళ్ళాలి నేను. నడిపేది గ్లెన్ అని ఒకాయన. ఇదివరకు నేను నీళ్ళు తోడుతుంటే టీ ఇచ్చేవాడు, మంచివాడు. ముఖం అచ్చు మీదే." టామ్సిన్ ముందుకు వంగింది. "మీ తమ్ముడా?"

కాదనడానికి అవకాశం లేకపోలేదు. కానీ ఆ పిల్ల రేపు పడవెక్కి గ్లెన్‌నే అడుగుతుంది.

"ఔను," అంది మెరిన్.

టామ్సిన్ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. ఏదో లెక్క సరిపోయినప్పుడు శిష్యురాలిగా ఇలాగే చూసేది. తర్వాత కళ్ళు దించుకుంది.

"నేనెవరితోనూ అనను లెండి. ఆయనతో కలిసి పనిచెయ్యాల్సినదాన్ని."

"థాంక్స్," అంది మెరిన్, ఆలోచించకుండానే. అని, తన గుండె ఎంత తేలికపడిందో గమనించింది. సిగ్గు కోసం లోపల వెతుక్కుంది. అది రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక కూడా ఆ తేలికను పక్కకు నెట్టలేదు, దాని పక్కనే సర్దుకుని కూర్చుంది.